ఆకాశానికెక్కిన పెంటవ్వ

ఈరవ్వకు మొదటి ఇద్దరు పిల్లలూ పురిట్లోనే పోయారు. మూడో బిడ్డ పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టించి, పక్కింటామె ఎత్తుకొస్తే చేటెడు తవుడిచ్చి కొనుక్కుంది. పెంట మీది బిడ్డను యముడు కూడా ముట్టడని బోధన్ చుట్టుపక్కల చెరుకు పల్లెల్లో నమ్మకం. బిడ్డ బతికింది. పెంటవ్వ అని పేరు పెట్టుకున్నారు.

బడిలో చేర్పించడానికి వెళ్తే హెడ్మాస్టరు రాజశేఖర్ ఆ పేరు విని ముక్కు మూసుకున్నాడు.

“గిదేం పేరు? హాజరు పిలిచినప్పుడల్లా నేను నోరు కడుక్కోవాల్నా?”

“పెంట మీద ఏసినంకనే బతికింది సారు,” అంది ఈరవ్వ.

గదిలోని పంతుళ్లంతా నవ్వారు. సారు రిజిస్టర్లో నవత అని రాసేశాడు. తల్లిని అడిగింది లేదు, పిల్లను అడిగింది లేదు. చెరుకు కోత నుంచి నేరుగా వచ్చిన ఈరవ్వ, ఆకు గీరుకున్న చేతుల్ని కొంగులో దాచుకుని తలొంచుకుని బయటికి నడిచింది. ఆ నడక పిల్ల మరచిపోలేదు.

నవత పెరిగి నిజామాబాద్ కాలేజీలో ఫిజిక్స్ మేడమ్ అయింది. కోపం చల్లారిందనుకునేరు, చల్లారలేదు. సారు మీద బదులు తీర్చుకునే రోజు రావాలని దేవుడికి మొక్కుకున్న మనిషి ఆమె.

సెలవుల్లో పెద్ద టెలిస్కోపు తీసిన ఫొటోలను కంప్యూటర్లో మార్చి మార్చి చూసేది. చుక్కలు ఉన్నచోటే ఉంటాయి. కదిలిందంటే అది గ్రహశకలం. ఒకనాడు అంతకుముందు ఎవరి కంటా పడని చుక్కొకటి కదిలింది. దాని దారి లెక్క తేలి, గ్రహశకలాల జాబితాలో నంబరు పడేసరికి ఏళ్లు గడిచాయి. ఇక పేరు సూచించే హక్కు ఆమెది.

ఈలోగా రిటైరైన రాజశేఖర్ సారు ఊరంతా చాటుకున్నాడు. “నవత అని పేరు పెట్టిందే నేను. ఇగ నేను పెట్టిన పేరే ఆకాశంల ఉంటది.” ఊళ్లో నవతకు పెట్టిన సన్మానసభకు ముఖ్య అతిథి కూడా తానే అయ్యాడు. పిలవని పేరంటమంటే ఇదే.

కనిపెట్టినవాళ్లు తమ పేరు తాము పెట్టుకోకూడదన్నది ఆ పేర్లను ఖాయం చేసే అంతర్జాతీయ సంఘం మర్యాద. నవత ఆ మర్యాద తప్పలేదు. కాగితాల్లో ఆమె పెంటవ్వ కాదు కదా, ఆ పని సారే చేసిపెట్టాడు! బిడ్డ బతకాలని మా తెలంగాణలో పెట్టే పేరు ఇది అని వివరం రాసి పంపింది. పంపాక మాత్రం భయపడింది. ఈసారీ ఎవరైనా ఆ పేరు కొట్టేస్తే తల్లికి మొహం ఎలా చూపించాలి? కొట్టెయ్యలేదు. ఒప్పుకున్నారు. ఆ సంగతి తల్లికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

సభలో ఆ ఆమోదపు కాగితం సారు చేతికే ఇచ్చింది. “మీరే సదవాలె సారు.”

ఆయన కళ్లద్దాలు సర్దుకుని నవ్వుతూ మొదలుపెట్టి, పేరు దగ్గర ఆగిపోయాడు.

“గట్టిగ సదువుండ్రి సారు. మా అవ్వ ఈరవ్వ గా ముంగట్నే కూసున్నది, ఆమెకు ఇనబడాలె.”

సభంతా చూస్తోంది. తప్పించుకునే దారి లేదు.

“పెంటవ్వ,” అన్నాడు.

“హాజరు సారు,” అంది నవత. నీళ్ల గ్లాసు తెచ్చి ఆయన ముందు పెట్టింది. “ఇగ నోరు కడుక్కోండ్రి.”