అనసూయ చెప్పిన మూడు మాటలు

ఫిబ్రవరి 11, బుధవారం. ఏడులోపు రెండు బకెట్ల బట్టలు ఆరేశాను, పప్పు తాలింపు వేశాను, టిఫిన్ డబ్బాలు కట్టాను. గిన్నెలు మిగిలాయి.

మా అమ్మాయికి పాఠాలు చెప్పే అబెనా మేడంది ఘనా దేశం. వలస పాలన పోయిన దేశాల్లో ప్రజాస్వామ్యం ఎలా నడుస్తోందో పరిశోధిస్తున్నారు. యాలాల్ దగ్గర ఒక మహిళా సర్పంచ్‌తో మాట్లాడాలి, దుబాసీగా రమ్మన్నారు. నా డిగ్రీ ఇంగ్లిష్ ఇన్నాళ్లకు పనికొచ్చిందని పొంగిపోయాను.

వికారాబాద్‌లో ఎనిమిదింటికి రైలెక్కి తాండూరులో దిగాం. అక్కడి నుంచి ఊరికి ఆటో రానూపోనూ ఆరు వందలు. "సర్పంచ్ ఆమెనే అమ్మా, గని కుర్సీల ఆమె మొగడు కూసుంటడు" అని నవ్వాడు డ్రైవర్. నేనూ నవ్వాను.

నిజంగానే కుర్చీలో భర్త ఉన్నాడు. సర్పంచ్ అనసూయ గడప దగ్గర నిలబడింది. ఆమెను అడిగిన ప్రతిదానికీ ఆయనే జవాబిచ్చాడు. జొన్నరొట్టెలు పెట్టారు, తిన్నాం. ఫోనొచ్చి ఆయన వాకిట్లోకి వెళ్లగానే అనసూయ గబగబా అంది: "బడికాడ ఆడపిల్లలకు మరుగుదొడ్డి కట్టాలని మూడు మీటింగుల చెప్పిన అక్కా. ఒక్కపారి గుడ మీటింగు బుక్కుల రాయలే. సంతకం మాత్రం పెట్టిచ్చుకుంటరు. మీ మేడంకు గిది జెప్పు."

అప్పటికే ఆయన గుమ్మంలోకి వచ్చేశాడు. తిన్న ఇంట్లో, ఆయన ముందు ఆ మాట అనడానికి నోరు రాలేదు. ఊరంతా సహకరిస్తోందట అని ఇంగ్లిష్‌లో చెప్పాను. మేడం రాసుకున్నారు.

"గింతేనా అక్కా? నేను మస్తు చెప్పిన గద" అంది అనసూయ. నేను చెప్పులు వేసుకున్నాను.

తాండూరు స్టేషన్ బయట, మూడున్నర బండి వస్తుండగా, మేడంకు నిజం చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. నోటుబుక్కు తెరిచి, "అయితే ఇందులో ఉన్నది మీ మాట" అన్నారు. బండి వదిలేసి అదే ఆటో ఎక్కాం, ఇంకో ఆరు వందలు.

"ఏం మరిచిండ్రమ్మా?" అన్నాడు డ్రైవర్.

"చెప్పాల్సింది."

"మళ్ల ఏందమ్మా?" అన్నాడు సర్పంచ్ భర్త. "ఆమె చెప్పింది నేను తప్పు చెప్పిన. మళ్ల చెప్తది, మేడం రాసుకుంటది" అన్నాను. ఆయన లేవలేదు. అనసూయే స్టూలు తెచ్చుకుని మేడం ఎదురుగా కూర్చుని, ఈసారి గట్టిగా చెప్పింది.

"జర మెల్లగ" అన్నాడాయన.

"అక్కకు ఇనబడాలె గద."

మరుగుదొడ్డి, రాయని మీటింగులు, పెట్టించుకున్న సంతకం, మూడూ ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లిష్‌లో చెప్పాను.

మా ఇంట్లో ఒకరి మాట ఇంకొకరికి మెత్తచేసి చేరవేయడం నా అలవాటు. దాన్ని మంచితనం అనుకున్నాను. కుర్చీలో ఆయన కూర్చుంటాడంటే నవ్విన నేను, ఆమె మాట తీసేసి నా మాట పెట్టాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆ వైపు వెళ్లేవారు రానూపోనూ ఒకే ఆటో మాట్లాడుకోండి, మధ్యాహ్నం దాటితే ఊళ్లో ఖాళీ ఆటో దొరకదు.

రాత్రి ఇల్లు చేరేసరికి గిన్నెలు ఇంకా మిగిలే ఉన్నాయి. అనసూయకు బాకీ పడ్డ మూడు మాటలు చెల్లు.