కుడివైపు సీటు

మన ఈడు బోధన్ దోస్తులారా, చెరుకు బండ్ల వెనక హారన్ కొట్టుకుంటూ వచ్చే ఆ ఆకుపచ్చ అమెరికా కారు గుర్తుందా? ఎవరో దాన్ని కొని, కొత్తదానిలా చేయించి, తన షెడ్డులో పాత కార్ల మధ్య నిలబెట్టాడు. నిన్న చూసొచ్చాను. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

దాని స్టీరింగు ఎడమవైపు. చెరుకు బండిని దాటాలంటే డ్రైవరుకు ఎదురుదారి కనిపించేది కాదు. అందుకే ఆ కారున్న మా ఊరి దొర మా బాపును కుడి సీట్లో కూర్చోబెట్టాడు. బాపు కిటికీలోంచి నడుము దాకా వంగి, ఎదురు ఏమీ లేదని చూసి "సాఫ్!" అని కేకేస్తేనే కారు కదిలేది. దుమ్ముకు ఎర్రబడిన కళ్లతో ఇంటికొచ్చేవాడు. ఆయన మోచేయి ఆనీ ఆనీ తలుపు మీద రంగు పోయి రేకు తేలింది.

నిన్న ఆ చోటు వెతికాను. అద్దంలా మెరుస్తోంది.

"ఈ సీటు ఎవరిది?" అని షెడ్డు ఓనరును అడిగాను.

"దొరసానిదమ్మా. ఇంకెవ్వరు కూసోలే."

"దొరసాని ఎన్నడు ముందట కూసోలే. గీడ మా బాపు కూసున్నడు. ఆయన కండ్లతోనే గీ బండి నడిసింది."

ఓనరు తలుపును గుడ్డతో తుడిచాడు. "గీడ రంగు పోయి మస్తు ఖరాబ్ ఉండె. ఎంత సాఫ్ చేసినమో సూడుండ్రి."

"సూసిన," అన్నాను. "మా బాపునే సాఫ్ చేసిండ్రు."