తొడకు కట్టిన నూలు

బట్టలకు రంగు వేసే కార్ఖానాలో మరుగుతున్న తొట్టి ఒరిగి మా అత్త వీపు, రొమ్ము, రెండు చేతులూ కాలాయి. కాళ్ళ మీద చుక్క కూడా పడలేదు. అయినా మూడు నెలలకు ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి ఆమె తొడలు నా చేతులంత సన్నగా అయ్యాయి.

అత్త మా నాన్నకు అక్క. నీళ్ళు తాగి బరువెక్కిన బట్టను కర్రతో తొట్టిలోంచి ఎత్తి, తలకంటే ఎత్తున్న కమ్మీ మీద వేయడం ఇరవై ఏళ్ళుగా ఆమె పని.

నానమ్మ ఆమెను మంచం దిగనివ్వలేదు. "కదిలితే కొత్త చర్మం చిట్లుతుంది. అరగని తిండి వద్దు," అంటూ పల్చటి జావే పోసింది. నేను అత్త చెప్పులు దాచేశాను.

మళ్ళీ చూపించుకోవడానికి వెళితే, ఆస్పత్రిలో వ్యాయామం చేయించే ఆవిడ అత్త తొడ పట్టి చూసి మమ్మల్ని చీవాట్లు పెట్టింది.

"ఇంతగా కాలాక ఒంట్లో పొయ్యి నెలల తరబడి ఆరదమ్మా. మీరు జావ పోస్తుంటే అది ఆమె కండనే కట్టెలు చేసుకుంటోంది. కాలని చోట కూడా కరిగింది అందుకే. గుడ్లు పెట్టండి, పప్పు పెట్టండి, లేపి నిలబెట్టండి. కండ ఎంత తిరిగి వస్తుందో చెప్పలేను. పడుకుంటే మాత్రం రాదు."

ఆ వారమే కార్ఖానా యజమాని పలకరించడానికి వచ్చాడు. "తొట్టి దగ్గరికి వేరే మనిషిని చూస్తున్నాను. నువ్వు కూర్చుని బట్టలు మడతపెట్టు."

"ఆరు నెలలు ఆగండి," అంది అత్త.

"ఆగితే?"

"ఆగితే తెలుస్తుంది."

కార్ఖానాలో ఏ విడత రంగు వేసిందో గుర్తుకు బట్ట మూలన ముడులేసిన నూలు కడతారు. అత్త అదే నూలు నాచేత తన తొడకు వదులుగా కట్టించుకుంది. తడి దుప్పటి చేతుల్లో పట్టుకుని పీట మీంచి లేచేది, కూర్చునేది. మొదటి రోజు మూడుసార్లు లేచి గోడ పట్టుకుంది.

"మొండిఘటం," అంది నానమ్మ, గుడ్డు వలుస్తూ.

"మొండిదాన్ని కాబట్టే ఉన్నానమ్మా. ఇంకోటి వలువు."

కండ పెరిగి నూలు బిగిసినప్పుడల్లా తెంచి కొత్తది కట్టాను. నాలుగుసార్లు తెంచాను. అయిదోది బిగియలేదు. ఆరు నెలలూ అయిపోయాయి. నేను చెప్పులు తెచ్చి గడప దగ్గర పెట్టాను.

కార్ఖానాలో అందరూ పని ఆపి చూశారు. అత్త కర్ర ఎత్తబోతే మచ్చలు బిగిసిన చేతులు భుజం దాటి లేవలేదు. అత్త కమ్మీ వంక చూసి, అక్కడ మూలనున్న తన పాత పీటను తొట్టి పక్కకు కాలితో జరిపింది. కర్రకు బట్ట చుట్టి, తొడలు వణుకుతుండగా పీట ఎక్కింది. తడి బట్ట కమ్మీ మీద పడింది.

"సరే, నీ చోటు నీదే. ఇంక కాసేపు కూర్చో," అన్నాడు యజమాని.

"కూర్చున్నది చాలయ్యా," అని అత్త పీట దిగి, రెండో బట్ట కోసం తొట్టిలోకి కర్ర దింపింది.