బీడీల అరుగు మీద నవల చదివిన చిన్నమ్మ

మా చిన్నప్పుడు కోరుట్లలో... మధ్యాహ్నం కాగానే వాడలోని ఆడవాళ్లంతా చాటలు పట్టుకుని మా అరుగు మీద చేరేవాళ్లు. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం... చేతులు ఆగేవి కావు. వాళ్ల మధ్య మా అమ్మ చెల్లెలు, అంటే మా చిన్నమ్మ, నవల చదివేది.

చదివే మనిషి బీడీలు చుట్టలేదు కదా... అందుకని తలా ఒక కట్ట ఆమె చాటలో వేసేవాళ్లు. అది మా అరుగు పద్ధతి.

ఏది చదవాలో చిన్నమ్మే చెప్పేది. లైబ్రరీ నుంచి కొత్త నవలలు, రచయితల జీవితకథలు తెచ్చేది. "గీ నవలల ఒకామె మొగన్ని ఇడిసిపెట్టి తన బతుకు తను బతుకుతది. ఇంటరా?" అని అడిగేది.

"ఏడుపొస్తదా?" అనేది మా అమ్మ.

"వస్తది."

"అయితే సదువు."

ఆ నవల సగంలో ఉండగా... బీడీ కార్ఖానా గుమాస్తా చిన్నమ్మ ఇచ్చిన కట్టలు పట్టుకుని అరుగు దగ్గరికే వచ్చాడు. కొన్ని బీడీలు బిగువుగా, కొన్ని వదులుగా ఉన్నాయట. "గివి ఒక్క చేతి బీడీలు కావు. ఎవల చాటలకెల్లి దొంగిలించినవ్?" అన్నాడు.

చిన్నమ్మ అందరి వైపూ చూసింది. "మేమే ఇచ్చినం" అని ఒక్కరన్నా చాలు... ఒక్కరూ అనలేదు. తమ పని కూడా పోతుందని భయం. మా అమ్మ తలెత్తకుండా ఆకు కత్తిరిస్తూనే ఉంది. "రేపటి సంది పనికి రాకు" అని గుమాస్తా వెళ్లిపోయాడు.

నవలలో ఆమెకు కష్టమొస్తే కొంగు తడిసేలా ఏడ్చింది వీళ్లే. నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

దొంగ అనే పేరు పడ్డాక చిన్నమ్మ సిరిసిల్ల పోయింది, సాంచెల దగ్గర, అంటే మరమగ్గాల దగ్గర, నూలు కండెలు చుట్టే పనికి. ఆ మగ్గాల మోతలో పక్క మనిషి మాటే వినపడదు... ఇక నవల ఎవరికి చదువుతుంది?

ఇప్పుడు జగిత్యాలలో కూర్చుని ఈ పేజీలో నేను మీకు కొత్త నవలలు, జీవితచరిత్రలు చదవమని చెబుతుంటాను. "అక్కా, కన్నీళ్లు ఆగలేదు" అని మీరు రాస్తారు. ఏమనుకోకండి... ఆ మాట చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మొన్న సిరిసిల్ల పోయి చిన్నమ్మకు ఒక రచయిత్రి జీవితచరిత్ర ఇచ్చాను. "మస్తు కష్టాలు పడ్డది చిన్నమ్మా, సదువు" అన్నాను.

అట్ట మీది బొమ్మను చాలాసేపు చూసింది. "గీమెను దొంగన్నరా బిడ్డా?"

"లేదు చిన్నమ్మా."

"అయితే మంచిగనే బతికింది" అని పుస్తకం తిరిగి నా చేతిలో పెట్టేసింది.

ఇప్పుడు అరుగులూ లేవు, పైకి చదివేవాళ్లూ లేరు... ఎవరి ఫోన్‌లో వాళ్లం చదువుకుని, ఎవరికి వాళ్లం ఏడుస్తున్నాం. మీకు మొదటిసారి పుస్తకం చదివి వినిపించిన మనిషి పేరు కింద రాయండి. పుస్తకాల పేర్లు వద్దు... అవి నా దగ్గర చాలా ఉన్నాయి.