సార్ నోటుబుక్కులో ఒక ఖాళీ వరుస

సార్ పోయారన్న వార్త నాకు ఫ్యాక్టరీ గేటు దగ్గర అందింది. మా కంపెనీలో ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు. సెక్యూరిటీ గదిలో చిన్న చిన్న గూళ్లుంటాయి, ఎవరి ఫోను వాళ్లు పెట్టి తాళం వేసుకోవాలి. నేను గూట్లో పెడుతుండగా తెర వెలిగింది. మా ఇంగ్లీషు క్లాసు గ్రూపులో ఒకే ఒక్క వాక్యం: "సార్ పొద్దుగాల పోయిండు." వెనక లైన్లో ఎవరో "జల్దీ మేడమ్, పంచింగ్ టైం అయితున్నది" అంటున్నారు. తాళం వేసి లోపలికి వెళ్లాను. ఎనిమిది గంటలపాటు ఆ వార్త గూట్లో ఉంది, నేను లోపల కాగితాలు సరిచూస్తూ కూర్చున్నాను. ఒక్క తప్పు కూడా పోనివ్వలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే భయం వేస్తుంది.

సంగారెడ్డి పాత బస్టాండు వెనక, విత్తనాల దుకాణం మీది గదిలో సార్ ఇంగ్లీషు చెప్పేవారు. పటాన్‌చెరు, బొంతపల్లి వైపు కంపెనీల్లో పనిచేసేవాళ్లు, నాలాగా డిగ్రీ ఉండి ఇంటర్వ్యూలో నోరు పెగలనివాళ్లు వచ్చేవారు. ఆయన చదువుకున్న చదువు పంతులుది కాదు. తండ్రి ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికి కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. సార్ ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌చార్జిగా చేసి, రిటైరు కాకముందే మానేశారు. ఎందుకు మానేశారో అడిగితే "దుమ్ము పడలేదు" అనేవారు. ఆ దగ్గు వింటే నిజమే అనిపించేది.

క్లాసు మొదలయ్యేముందు ఆయన చేసే పని ఒకటుండేది. మెట్ల మీద మేం ఎట్లా పడితే అట్లా విడిచిన చెప్పులను వంగి, జతలు జతలుగా సర్ది, ముఖం మెట్ల వైపు తిప్పిపెట్టేవారు. మేం సిగ్గుపడి అడ్డుపోతే "దిగేటప్పుడు వెతుక్కోకూడదు" అనేవారు, అంతే.

ఒక నెలంతా ఒకే ఒక్క క్రియ చెప్పారు. పుట్ డౌన్. మొదటిరోజు షిఫ్ట్ నుంచి నేరుగా వచ్చినవాళ్ల చేత హెల్మెట్లు, టిఫిన్ డబ్బాలు, బ్యాగులు నేలమీద పెట్టించారు. అది మొదటి అర్థం. ఫోను పెట్టేయడం, పసిబిడ్డను పడుకోబెట్టడం, బస్సు మనిషిని దించడం, అలజడిని అణచడం, అన్నీ అదే మాట. పుస్తకంలోంచి తెచ్చిన వాక్యాలు తీసుకునేవారు కాదు. "మీ డ్యూటీలోంచి ఒకటి పట్టుకురండి, దానికి చెమట వాసన ఉండాలి" అనేవారు.

హత్నూర నుంచి వచ్చే బాయిలర్ ఆపరేటరన్న ఒకరోజు తల పట్టుకున్నాడు. "సార్, ఇంగ్లీషోళ్లకు మాటలు తక్కువున్నయా ఏంది? ఒక్క గదినే ఇంతమందికి కిరాయికి ఇచ్చిన్రు!"

సార్ దగ్గుతూనే నవ్వారు. "కిరాయిదార్లు ఇంకా వస్తున్నారయ్యా, చూస్తూ ఉండు."

ఆ వారంలోనే కొత్తగా చేరిన ప్యాకింగ్ అమ్మాయి తడబడితే వెనక ఇద్దరు కిసుక్కుమన్నారు. సార్ చాక్‌పీసు బల్లమీద పెట్టి, "ఇదిగో, ఇంకో అర్థం. నలుగురిలో మనిషిని తక్కువ చేయడం. ఇప్పుడే నేర్చుకున్నారుగా, ఇక వాడొద్దు" అన్నారు. గొంతు పెంచలేదు. ఆ ఇద్దరిలో నేనొకదాన్ని.

బాగుపడని జంతువుకు సూది వేసి బాధ తీర్చడానికీ అదే మాట అని చెప్పినప్పుడు బాయిలరన్న మెల్లగా అడిగాడు, "మన్షులకు లేదా సార్?" క్లాసులో ఎవరూ నవ్వలేదు.

ఆయన ఎక్కువగా నిలబడింది రెండు అర్థాల దగ్గర. కాగితం మీద పెట్టడం. ఒకదానికి ఫలానాది కారణమని కట్టడం. మందుల ఫ్యాక్టరీల్లో రాతకు ఒక పద్ధతి ఉంది. తప్పు రాస్తే రుద్దకూడదు, తెల్లరంగు పూయకూడదు. కింది అక్షరం కనబడేలా ఒకే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. ఖాళీ గడి కూడా వదలకూడదు. అక్కడ రాయడానికి ఏమీ లేకపోతే అడ్డగీత కొట్టి, లేదని రాసి, దానికీ సంతకం చేయాలి. మా ఇంగ్లీషు నోటుబుక్కులకూ అదే చట్టం. "చెరిపేస్తే తప్పు పోదమ్మా, తప్పు దాకా వెళ్లే దారి పోతుంది" అనేవారు. రెండేళ్ల కిందట ఆసుపత్రి వాళ్లు ఆయన ఊపిరితిత్తుల జబ్బుకు కారణం పొగతాగే అలవాటని రాస్తే, జన్మలో బీడీ ముట్టని మనిషి, జేబులోంచి నీలం పెన్ను తీసి ఆ మాట మీద ఒక గీత కొట్టి, సంతకం చేసి, తేదీ వేశారు. నర్సు అరిచిందట. అమ్మ, అంటే సార్ భార్య, ఆ సంగతి చెబుతూ నవ్వింది, మధ్యలో ఏడ్చింది.

నాకు ఉద్యోగం వచ్చిందని, చేరిన మూడో నెలలో స్వీటు డబ్బా పట్టుకుని వెళ్లిన రోజు ఆయన మొదట సంతోషించారు. కంపెనీ పేరు చెప్పగానే డబ్బా మూత పెట్టేశారు. ఆయన మానేసింది ఆ కంపెనీనే.

"నువ్వుండేది కాగితాల విభాగంలోనా?"

"అవును సార్. పాత రికార్డులు, కొత్తయి, అన్నీ మా తానికే వస్తయి."

అప్పుడు చెప్పారు. చాలా ఏళ్ల కిందట ఆయన షిఫ్టులో తూర్పు రాష్ట్రాల నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టు మనిషి ట్యాంకు కడగడానికి దిగాడు. లోపల రసాయనాల ఆవిరి మిగిలి ఉంది. బయటికి లాగేసరికి స్పృహ లేదు, సంగారెడ్డి చేరేలోపు ప్రాణం పోయింది. పైనుంచి ఫోను వచ్చింది, వడదెబ్బ అని రాయమని. సార్ రాశారు. పేరు దగ్గర 'కాంట్రాక్టు లేబరు ఒకరు' అని రాశారు. ఆ మనిషిని అందరూ ఛోటూ అనేవారు, పొట్టివాళ్లందరినీ అట్లాగే అనేవారు. కాంట్రాక్టరు శవాన్ని బండెక్కించి, తర్వాత తనూ కనబడకుండా పోయాడు.

"ట్యాంకు మూతి దగ్గర చెప్పులు విడిచి దిగాడమ్మాయ్. జతగా, పద్ధతిగా. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాయి" అన్నారు సార్. "వాడి పేరు ఒక్కచోటే ఉంది. గేటు రిజిస్టర్లో. కాంట్రాక్టు వాళ్లు పొద్దున్నే ఎవరి పేరు వాళ్లే రాసుకునేవారు, వాళ్ల లిపిలో. ఆ రోజు పేజీ చూసి రా. నేను రాసినదాన్ని మార్చలేను, తెలుసు. పేరు తెలిస్తే చాలు" అన్నారు.

మర్నాడే రికార్డు గదికి వెళ్లాను. అక్కడి స్టోర్ అన్న కంప్యూటరు చూసి, "గవి పోయినయి మేడమ్. గడువు దాటినయని పోయిన నెల మిషన్ల వేసి చింపిన్రు కద" అన్నాడు.

"ఎవరు చెప్పిన్రు చింపుమని?"

"నన్నడుగుతరేంది? లిస్టు మీద సంతకం మీదే ఉన్నది."

తెచ్చి చూపించాడు. నా సంతకమే. ఉద్యోగంలో చేరిన మొదటి నెల, బస్సు కదిలే టైములో ఎవరో ముందు పెట్టిన పట్టిక. పేజీ చివర సరిచూసినవారు అన్నచోట గుండ్రంగా, ముచ్చటగా చేసిన కొత్త సంతకం. పైన వరుసలు చదవలేదు. చదివి ఉంటే గేటు రిజిస్టర్లు, కాంట్రాక్టు విభాగం అన్న వరుస కనిపించేది. కనిపించినా అప్పటికి అది నాకు వట్టి వరుసే. ఆ మాట నన్ను నేను ఓదార్చుకోవడానికి చాలాసార్లు వాడుకున్నాను. చదవకుండానే చదివానని సంతకం పెట్టాను, ఆ సంగతి మాత్రం ఎటూ కదలదు.

సార్‌కు చెప్పలేదు. ఆదివారం వెళితే "దొరికిందా అమ్మాయ్?" అనేవారు. "చూస్తున్న సార్, పాత గది తాళం ఇంకా ఇస్తలేరు" అనేదాన్ని. ఇంకో ఆదివారం ఇంకో అబద్ధం. పోనుపోను వెళ్లడం తగ్గించాను. ఓవర్‌టైం అన్నాను.

చివరిసారి చూసినప్పుడు ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. మాటకూ మాటకూ మధ్య యంత్రం బుస్సుమనేది. నా ముఖం చాలాసేపు చూశారు.

"దొరక్కపోతే దొరకలేదని చెప్పు. ఖాళీ గడి వదలకూడదు కదా."

అంతకంటే తేలికగా ఎవరూ తలుపు తీయరు. నేను మాత్రం "ఇంక రెండు వారాలు సార్, పక్కా" అన్నాను. ఆయన కళ్లు మూసుకుని తలూపారు. నమ్మారో, నన్ను వదిలేశారో తెలియదు. రెండు వారాలు కాలేదు.

పదకొండో రోజున మా క్లాసు గదికి వెళ్లాను. షిఫ్టు దిగినవాళ్లు దిగినట్టే వచ్చారు, ఒంటిమీద ఇంకా కంపెనీ బట్టలే. పైకెక్కుతూ గమనించాను, మెట్ల మీద చెప్పులు, సేఫ్టీ బూట్లు అన్నీ జతలుగా, ముఖం మెట్ల వైపు తిరిగి ఉన్నాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. బాయిలరన్న నన్ను చూసి, "వచ్చినవా చెల్లె, ఈ మధ్య సార్ నిన్నే అడిగేటోడు" అన్నాడు.

అమ్మ ఒక నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీకిమ్మన్నారమ్మా. ఏదో పని మిగిలిందట, నీకు తెలుసన్నారు."

మా క్లాసు నోటుబుక్కు. పుట్ డౌన్ పేజీలో మేం డ్యూటీల నుంచి తెచ్చిన వాక్యాలన్నీ ఆయన చేతిరాతతో ఉన్నాయి. అన్నిటికంటే కింద ఆయన సొంత వాక్యం ఇంగ్లీషులో ఉంది. ఒక కార్మికుడి చావుకు వడదెబ్బ కారణమని కట్టారని దాని అర్థం. వడదెబ్బ మీద ఒకే ఒక్క గీత, పక్కన 'ట్యాంకులో ఆవిరి'. కార్మికుడు అన్న మాట మీద ఒకే ఒక్క గీత, పక్కన ఒక వరుస ఖాళీ. దాని చివర సార్ సంతకం, తేదీ. దానికింద మరో తేదీ, మరొకటి. ఏటా ఒకటి చొప్పున వేసుకుంటూ వచ్చారు.

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా ఆ పొట్టి మనిషి గుర్తుంటే, తూర్పు రాష్ట్రాల నుంచి ఈ ఫ్యాక్టరీలకు వచ్చి ట్యాంకు పని మీద పోయిన తమ్ముడో తండ్రో మీ ఎరుకలో ఉంటే, పేరు చెప్పండి. సార్ అడిగింది ఆ ఒక్కటే.

పద్ధతి ప్రకారం నేనిప్పుడు ఆ ఖాళీకి అడ్డగీత కొట్టి, దొరకలేదని రాసి, సంతకం చేయాలి. నీలం పెన్ను మూత తీశాను. పేజీ అడుగున చోటు చూసుకుని, గేటు రిజిస్టర్లు చింపమన్న పట్టిక మీద సంతకం నాది, చదవకుండా చేశాను అని రాసి, పేరు, తేదీ వేశాను. పైన ఆ వరుసను మాత్రం అట్లాగే ఉంచాను. నోటుబుక్కు నా బల్లమీద తెరిచే ఉంది. ఫ్యాను గాలికి పేజీ లేచినప్పుడల్లా ఆ ఖాళీ తెల్లగా కనబడి, మళ్లీ పడుకుంటుంది.