కిటికీలో టెలిఫోన్

ఒక్క మాట నలభై ఏళ్లుగా నా గొంతులో ఉంది. చెప్పకుండా పోయినా ఎవరికీ తెలియదు. తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. అది చాలు, మొయ్యలేకపోవడానికి.

మా ఇంట్లో టెలిఫోన్ మొదట లోపలి గదిలో, నాయిన మంచం పక్కన ఉండేది. భూములు పోయాయి. నాయిన పోయాడు. బిల్లు కట్టక లైను తీసేశారు. ఫోను పట్టుకుపోవడానికి మాత్రం వెంటనే ఎవరూ రాలేదు. అప్పుడు నేనే దాన్ని తెచ్చి, వీధిలో పోయేవాళ్లకు కనిపించేలా ముందుగది కిటికీలో పెట్టాను. మోగినన్నాళ్లు లోపల దాచినదాన్ని మూగపోయాక ఎందుకు బయటపెట్టాను? ఆ జవాబు నాకు ఆనాడే తెలుసు.

మా వీధి చివర మగ్గం నేసే సాయిలు భార్య హైదరాబాదు దవాఖానలో పడింది. తోడు ఆమె తమ్ముడున్నాడు. సాయిలు మా అరుగు కింద నిలబడి అడిగాడు.

“దొరా, మీ ఫోన్ నంబరు మా బామ్మర్దికి ఇయ్యనా? జర ఎక్కువైతే చెప్తడు. గప్పుడే బస్సెక్కుత.”

“ఇయ్యి.”

లైను లేదు. ఆ రెండు మాటలు అంటే, అతను పోస్టాఫీసు నంబరు ఇచ్చుకునేవాడు. నోరు రాలేదు. రాలేదా, రానివ్వలేదా?

నాలుగు రోజులు పొద్దున్నా సాయంత్రమూ వచ్చాడు.

“మోగిందా దొరా?”

“మోగలే.”

“మోగకుంటే మంచిగున్నట్టే,” అని పోయి మళ్లీ మగ్గం గుంటలో దిగేవాడు. నేను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం లేదు. దాన్ని పట్టుకునే ఇన్నేళ్లు నడుము వంచకుండా తిరిగాను.

ఐదోనాడు బామ్మర్ది బస్సు దిగి వచ్చాడు. సాయిలు అప్పుడు మా అరుగు దగ్గరే ఉన్నాడు.

“రెండు దినాలు ఫోన్ కొట్టిన బావా. కలువలే. నువ్వు వచ్చినవా, వచ్చినవా అని అడుగుకుంటనే పోయింది అక్క.”

అని కిటికీ వంక చూశాడు. సాయిలు అతని భుజం పట్టుకున్నాడు.

“దొర ఫోన్‌ను అనకు. మోగితే చెప్పకుంటడా? మీ పట్నం లైన్లే ఖరాబు.”

నేను నిలబడే ఉన్నాను. ఏడుపు రాలేదు.

దినాలయ్యాక సాయిలు చిన్న నేత గుడ్డ తెచ్చాడు. “ఫోన్ మీద దుమ్ము పడుతాంది దొరా, కప్పుండ్రి,” అన్నాడు. చెయ్యి చాచి తీసుకున్నాను. తర్వాత ఫోను పట్టుకుపోయారు. సాయిలూ పోయాడు. గుడ్డ నా పెట్టెలో ఉంది.

క్షమించమని అడగడం లేదు. అడగడానికి మనిషి లేడు. లైను లేదు, సాయిలూ. ఆనాడు అనాల్సింది ఇంతే.

ఇది రాశాక చెయ్యి కొంచెం తేలికయింది.