పుంజుల బ్లాకు, పెట్టల బ్లాకు

మా అన్నయ్యని నేను ఏమైనా అంటాను. తోడబుట్టినదాన్ని, నాకా హక్కుంది. మీరు మాత్రం విని ఊరుకోవాలి.

ఆయన కాలేజీలో అబ్బాయిల హాస్టలుకి వార్డెనుగా చేసి రిటైరయ్యాడు. ఆ హాస్టలు వెనక గోడకి అవతల అమ్మాయిల హాస్టలు. మిగతా వార్డెన్లు భోజనాల సంగతి, కుళాయిల సంగతి చూసుకునేవాళ్ళు. మా అన్నయ్య గోడ చూసుకున్నాడు. చేరిన కొత్తలో అది నడుం ఎత్తుండేదట. దిగిపోయేనాటికి తల ఎత్తు దాటింది, దాని మీద సీసా పెంకులు, పెంకుల మీద ముళ్ళ తీగ, తీగ మీద లైటు. పిల్లలు ఆయనకి 'గోడ మాస్టారు' అని పేరు పెట్టారు. అది తిట్టని ఎవరూ చెప్పకపోవడంతో ఆయన బిరుదనుకున్నాడు. వీడ్కోలు సభలో తనే ఆ పేరు చెప్పుకుని మురిసిపోయాడు కూడా.

రిటైరయ్యాక ఇంటికొచ్చాడు. వచ్చాడు అంటే అన్నాళ్ళూ ఇంట్లో లేడనే. హాస్టల్లోనే ఒక గది ఇచ్చారు, సంసారం పెట్టకూడదన్న షరతు మీద. ఆదివారం వచ్చి, వదిన వండింది తిని, ఉతికిన బట్టలు సర్దుకుని, పొద్దు వాలకముందే వెళ్ళిపోయేవాడు. గేటు మూసే వేళకి ఆయన అక్కడ లేకపోతే లోకం తలకిందులవుతుంది మరి. అలాంటి మనిషి వారమంతా ఇంట్లోనే ఉండేసరికి వదినకి తల ప్రాణం తోకకొచ్చింది. వంటింటికి గడియ ఎందుకు లేదంటాడు. పాలవాణ్ణి ఎవరు కావాలి, ఏం పని అని నిలదీస్తాడు. పక్క వాటాలోంచి నేను పంచదార కోసం వెళ్తే గడియారం వంక చూస్తాడు.

వదిన ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ దగ్గర పని చేస్తుంది. నోరు తక్కువ, ఓపిక ఎక్కువ. పెరట్లో ఆవిడకి కాసిని కోళ్ళున్నాయి. ఒళ్ళంతా నలుపు, మెడ ఒక్కటే తోమిన రాగి చెంబులా మెరుస్తుంది. పెళ్ళయి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ బుట్టలో పెట్టి పంపిన కోళ్ళ సంతతి అవి. ఆ తల్లి పోయింది, ఆ ఇల్లు పరాయివాళ్ళ చేతిలోకి పోయింది, పుట్టింటి తాలూకు మిగిలినవి ఈ కోళ్ళే. కిందటేడు ఏదో రోగం తగిలి చాలా మటుకు పోయాయి. మూడు పెట్టలూ ఒక్క పుంజూ మిగిలాయి. ఆ పుంజు ముసలిదైపోయింది. దాని ఒంట్లో ఓపిక ఉండగానే పిల్లల్ని తీయించాలి, లేకపోతే ఆ జాతి అంతటితో సరి. వదిన బెంగంతా అదే. వీధిలో పుంజులకేం కొదవ లేదు, గోడ దూకి రోజూ వచ్చిపోతుంటాయి. వాటికి పుట్టేవి కోళ్ళే గానీ, వాళ్ళమ్మ కోళ్ళు కావు.

అందుకని ఒకరోజు అడిగింది. "ఏవండీ, ఖాళీగానే ఉన్నారు కదా. బయటి పుంజులు చొరబడకుండా వీటికో గూడు కట్టి పెట్టండి. మన పుంజూ పెట్టలూ కలిసి తిరిగేలా."

చొరబడకుండా అన్న మాట దాకా ఆయన చెవికెక్కింది. ఆ తర్వాతది ఎక్కలేదు. రిటైరయ్యాక మొదటిసారి ఆయన మొహంలో కళ వచ్చింది.

నిజం చెప్పొద్దూ, కట్టడం మటుకు దివ్యంగా కట్టాడు. నేలకి మూరెడు ఎత్తున బల్లచెక్కలు పరిచాడు, కిందనుంచి గాలాడేలా. పైన రేకులు, వాన నీరు వెనక్కి జారేలా వాలు, ఎండకి ఉడికిపోకుండా రేకు కింద గడ్డి. ముందు తిరగడానికి చోటు, దాని చుట్టూ వేలు దూరని ఇనప జాలీ. పందికొక్కులు తవ్వుకుని రాకుండా ఆ జాలీని అడుగు లోతున మట్టిలో పాతాడు. పడుకునే కర్రని కోడి కాలివేళ్ళకి పట్టు దొరికేలా గుండ్రంగా చెక్కి, గరుకు కాగితంతో రుద్దాడు. గుడ్లు పెట్టుకోవడానికి చీకటిగా చెక్క పెట్టెలు, బయటి నుంచే మూత ఎత్తి గుడ్లు తీసుకోవచ్చు. వీధిలోవాళ్ళు వచ్చి చూసి ముక్కున వేలేసుకున్నారు. ఎదురింటి టైలరు, "మాస్టారూ, మీద ఒక వాటా వేయించండి, నేనే అద్దెకొస్తా" అన్నాడు. అన్నయ్య నవ్వలేదు. "కుటుంబాలకి ఇవ్వం" అన్నాడు.

సాయంత్రం వదిన డ్యూటీ నుంచి వచ్చి చూసింది. చుట్టూ ఒకసారి తిరిగింది. మూతలు ఎత్తి చూసింది, కర్ర నిమిరి చూసింది, కళ్ళు మెరిశాయి. అంతలో మధ్యలో నేల నుంచి రేకు దాకా కట్టిన ఇంకో జాలీ కనబడింది. ఎడమవైపు చెక్క మీద రంగుతో 'పుంజుల బ్లాకు' అనీ, కుడివైపు 'పెట్టల బ్లాకు' అనీ రాసి ఉంది.

"ఈ మధ్యలోది ఎందుకండీ?" అంది.

"ఉండాలి కదా."

"పుంజూ పెట్టలూ కలిసి ఉండాలన్నాను. పిల్లలు కావాలంటే మరి..."

"కలుస్తాయి. ఎవరు కాదన్నారు? ఇదిగో, తలుపు పెట్టాను" అని మధ్యలో జానెడు తలుపు చూపించాడు. దానికి రెండు గొళ్ళేలు, ఒకటి అటు, ఒకటి ఇటు. "రోజూ వేళకి తెరుస్తాను. ఒక పద్ధతి ప్రకారం కలుస్తాయి."

వదిన నా వంక చూసింది. నేను పైట చెంగు నోట్లో కుక్కుకుని మా వాటాలోకి పరిగెత్తాను. చివరికి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ తలుపు తీసే ఉంచేలా వదిన ఆయన దగ్గర మాట తీసుకుంది. ఆవిడ డ్యూటీలో ఉండే వేళ కోళ్ళ భారం ఆయనదే. బయటి పుంజుల పొత్తు తాలూకు గుడ్లన్నీ అయిపోయే దాకా కొన్ని వారాలు ఆగి, ఆ తర్వాతి గుడ్లనే పొదగేయాలని లెక్క వేసుకుంది.

అన్నయ్య మాట తప్పే మనిషి కాదు. పొద్దున్నే తలుపు తీసేవాడు. తీసి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, మెడలో ఈలతో. పుంజు ఆ తలుపులోంచి తల వంచి దూరి, రెక్క ఒకటి నేలకి జార్చి, ఒక పెట్ట చుట్టూ పక్కవాటుగా నడక మొదలెట్టేది. అంతే, ఈల మోగేది. పుంజు అదిరిపడి వెనక్కి పరుగు. మా వంటింటి కిటికీలోంచి నాకంతా కనబడేది. మొదటిరోజు నవ్వలేక నేల మీద చతికిలబడ్డాను. సాయంత్రం వెళ్ళి వదినకి పూసగుచ్చినట్టు చెప్పాను.

"ఈల ఎందుకు వేశారు?" అని వదిన అన్నయ్యని అడిగింది.

"మీదికెళ్తుంటే? అది పెట్ట మీదికెక్కి, మెడ పట్టుకుని... ఆపొద్దా నేను?"

"అది దాడి కాదండీ." వదిన గొంతు తగ్గించింది. "అదే ఆ పని."

అరవై దాటిన మా అన్నయ్య చెవుల దాకా ఎర్రబడ్డాడు. అన్నేళ్ళు దేన్ని ఆపడానికి గోడ పెంచుతూ పోయాడో దాని పేరు ఇంట్లో ఆడవాళ్ళ నోట వినడం ఆయన వల్ల కాలేదు. చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చాడు. వదిన ఆ ఈలని పప్పు డబ్బా అడుగున దాచింది.

ఈల పోతే ఏం, దగ్గు ఉంది. హాస్టలు వరండాలో నాలుగు గదులకి వినబడేలా ఆయన ఒక దగ్గు దగ్గేవాడట, దానికే కుర్రాళ్ళు పుస్తకాలు తెరిచేసేవాళ్ళట. ఆయన కావాలని దగ్గాడని నేననను. ఆయనకే తెలియకుండా వచ్చేసేది, పుంజు రెక్క జార్చడం, ఈయన ఖళ్ళున దగ్గడం. నేను గోడ మీంచి, "అన్నయ్యా, దగ్గుతున్నావు" అనేదాన్ని. "గొంతులో ఏదో పడిందే" అనేవాడు. ఆ గొంతులో రోజూ ఏదో ఒకటి పడేది.

ఒక పెట్ట పొదుగుకి కూర్చుంది. వదిన దాచిన గుడ్లు తెచ్చి దాని కింద పెట్టింది. వారం దాటాక సెలవు రోజున మధ్యాహ్నం పూట, సామాన్ల గదిలో తలుపు మూసి, కిటికీకి దుప్పటి అడ్డం పెట్టుకుని, గుడ్డు కింద టార్చి పెట్టి చూడటం మొదలెట్టింది. పిల్ల కడితే లోపల ఎర్రటి నరాలు కనబడతాయి. దుప్పటి పట్టుకోవడం నా పని. ఒకటి చూసింది, పక్కన పెట్టింది. ఇంకోటి చూసింది. అన్నీ చూసింది. అన్నీ ఖాళీ. లోపల పసుపు వెలుగు తప్ప ఏమీ లేదు.

అన్నయ్య గుమ్మంలో నిలబడి, "కోళ్ళ దాణాలో ఏదో లోపం ఉండుంటుంది" అన్నాడు.

ఆ మాటకి వదిన లేచింది. ఆవిడ గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు, ఆ రోజూ పెంచలేదు.

"దాణాలో లోపం లేదు. మనిద్దరిలోనూ ఏ లోపమూ లేదని డాక్టరు చెప్పాడు, గుర్తుందా మీకు? మీరు రాలేదులెండి, పరీక్షల రోజులన్నారు. మీ ల్యాబు కాగితాలు కూడా నేనే పట్టుకెళ్ళాను. అంతా బాగానే ఉంది, మీ ఆయన ఎక్కడుంటారమ్మా అనడిగాడు. హాస్టల్లో అన్నాను. ఎప్పుడొస్తారు అన్నాడు. ఆదివారం పగలు అన్నాను. డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆ గది వదిలేసి ఇంటికి రండని ఎన్నిసార్లు అడిగాను. అంతమంది పిల్లల్ని ఎవరికి వదిలి రమ్మంటావన్నారు. ఊళ్ళోవాళ్ళ పిల్లల్ని కాపలా కాశారు. మనకి ఒక్కరు కూడా లేకుండా పోయారు. పోనీ, అమ్మ కోళ్ళయినా మిగుల్తాయనుకున్నాను."

నాకు దుప్పటి వదిలేయాలనిపించింది, వదలలేదు. మా అన్నయ్య మీద నాకంత కోపం ఎప్పుడూ రాలేదు, అంత జాలి కూడా వేయలేదు. ఆయన పెరట్లోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి కటింగ్ ప్లేయరు చప్పుడు వినబడింది. మధ్యలో జాలీని కింది నుంచి పై దాకా కత్తిరించి, చుట్ట చుట్టి బయట పడేశాడు. బ్లాకుల పేర్లు రాసిన చెక్కలు కూడా పీకేశాడు.

మర్నాడు పుంజు నడుచుకుంటూ వచ్చింది. జాలీ పీకేశాక నేల మీద మిగిలిన గీత దాకా వచ్చి, ఒక కాలెత్తి ఆగిపోయింది. అడ్డం ఏమీ లేదు. తల తిప్పి అన్నయ్య కుర్చీ వంక చూసింది. చూసి వెనక్కి మళ్ళింది. ఆ పూటంతా అదే తంతు. అన్నయ్య కుర్చీ తీసేశాడు. అయినా ఆయన కనబడితే చాలు, అది కదలదు. చివరికి ఆయన మా ఇంటికొచ్చి, వంటింట్లో కిటికీ కింద గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"వెళ్ళిందా?" అనేవాడు.

"లేదన్నయ్యా."

"ఇప్పుడో?"

"గీత దగ్గరే నిలబడింది."

"వెళ్ళు నాయనా," అని గొణిగేవాడు, "ఎవరూ ఏమీ అనరు." ఒకసారి దగ్గు రాబోతే చేత్తో నోరు గట్టిగా మూసుకున్నాడు, కళ్ళలో నీళ్ళు తిరిగే దాకా.

రోజులు గడిచాక ఆ పుంజు గీత దాటింది. రెక్క జార్చింది. పెట్ట కూడా ఒదిగి కూర్చుంది. కానీ దానికి కాళ్ళలో పట్టు లేదు, పక్కకి జారిపోయింది, మళ్ళీ ఎక్కబోయింది, మళ్ళీ జారింది. నేను వెళ్ళిందని మాత్రమే చెప్పాను. అన్నయ్య మా ఇంట్లో మంచినీళ్ళు అడిగి తాగాడు. ఎండలు ముదిరే ముందు ఇంకో పెట్ట పొదుగుకి వచ్చింది. వదిన మళ్ళీ గుడ్లు పెట్టింది. ఈసారి ఆయనే పెట్టె చుట్టూ తడి గోనె కట్టి, నీళ్ళ గిన్నె మార్చి, కోడికి ఎండ తగలకుండా చూసుకున్నాడు.

మళ్ళీ సామాన్ల గది, మళ్ళీ టార్చి. ఈసారి అన్నయ్య లోపలికొచ్చి వదిన పక్కనే నేల మీద కూర్చున్నాడు. వదిన ఒక గుడ్డు పెట్టింది. "ఏమైనా ఉందా?" అన్నాడు. లేదంది. ఇంకోటి పెట్టింది. లేదంది. తర్వాత ఆయన అడగడం మానేశాడు, ఆవిడ చెప్పడం మానేసింది. అన్నీ అయ్యాక ఆయన టార్చి చేతిలోకి తీసుకుని, మొదటి గుడ్డు నుంచి మళ్ళీ చూడటం మొదలెట్టాడు, ఒక్కొక్కటే, అటు తిప్పి ఇటు తిప్పి. వదిన వద్దనలేదు. ఆఖరిది కూడా చూసి, టార్చి ఆర్పకుండానే ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నా తప్పే" అన్నాడు.

"కోళ్ళ సంగతేనా?" అంది వదిన.

అన్నయ్య కాదని తలూపాడు.